విమాన శిక్షణ – గురువు హస్తము

విమానయాన శిక్షణలో మిక్కిలి క్లిష్టమైన ఘట్టము నేలకు దిగుట. 1977 నుండి 1985 వరకు తయారైన సెస్నా 152 విమానమునే ఉదాహరణగా గైకొందము. ఇందు గురుశిష్యులు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. విమానమును నడుపు సాధనములు ఇరువురి ముందును ఉండును. దిగునపుడు వేగము గంటకు సుమారు 110 కిలోమీటర్లు.

వేగము మించినను, ముక్కు నెత్తుట ఆలస్యమైనను విమానము రన్‌వేను తాకి బంతివలె పైకెగయును. శిష్యుడు బెదరి ముక్కును క్రిందికి వంచును. అసలు ప్రమాదమునకు మూలమిదియే. బరువును మోయవలసిన వెనుక చక్రములకు బదులు బలహీనమైన ముందుచక్రము మొదట నేలను తాకును. విమానము మరల ఎగయును. ప్రతి ఎగురుపాటును మునుపటికంటె తీవ్రమై, తుదకు ముందుచక్రము విరిగి ప్రొపెల్లరు నేలకు కొట్టుకొనును.

ముక్కును వంచక, ఇంజను శక్తిని పూర్తిగా పెంచి, పైకి లేచి, మరియొక చుట్టు తిరిగివచ్చుటయే దీనికి క్షేమమైన మార్గము.

గురువు తొందరపడి సాధనములను అందుకొన్నచో శిష్యునకు విద్య అబ్బదు. ఆలసించినచో ఇరువురి ప్రాణములకును ముప్పు. కావుననే “కంట్రోలు నాది” అని గురువు పలికినంతనే శిష్యుడు చేతులు వదలవలెనన్న నియమము ఏర్పడినది. తరగతిలో విద్యార్థి పొరపాటును మరునాడు దిద్దుటకు మాకు వ్యవధి కలదు. రన్‌వేపై ఆ గురువునకు ఉన్నవి కొలది క్షణములే.