నీట నిలిచిన కారు: ఇంజను పట్టేసిందా, నీరు అడ్డుపడిందా?

2015 డిసెంబరు వరదలలోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళలోనూ చెన్నై నగరంలో వేలాది వాహనాలు నీట మునిగాయి. సౌకార్‌పేట వంటి పాతపేటలో కారుకు ప్రత్యేకమైన షెడ్డు ఉండే ఇళ్లు తక్కువ. మింట్ వీధి చుట్టుపక్కల సందులలో వాహనాలు వీధి అంచునే నిలుస్తాయి. వాన వెలిసిన మరునాడు తాళంచెవి తిప్పితే ‘టక్’మనే శబ్దం తప్ప చలనం ఉండకపోవచ్చు. ఇంజను పట్టేసిందని అప్పుడే నిర్ధారించుకోరాదు. మరొకసారి తాళం తిప్పనూ రాదు.

నీరు చేసే హాని

పిస్టను పైకి వచ్చినప్పుడు సిలిండరులోని గాలి కుదించుకుంటుంది. పెట్రోలు ఇంజనులో అది సుమారు పదోవంతుకు తగ్గుతుంది. డీజిలు ఇంజనులో ఇంకా ఎక్కువగా నొక్కుకుంటుంది. నీరు అలా కుదించుకోదు. గాలి గొట్టం ద్వారా నీరు లోనికి చేరితే పిస్టను దానికి తగిలి ఆగిపోతుంది. ఈ దశలో నీటిని తొలగిస్తే ఇంజను తిరిగి నడిచే అవకాశం ఉంది. అలా కాక స్టార్టరుతో బలవంతంగా తిప్పినా, నలుగురు చేరి గేరులో ఉంచి తోసినా, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నడుస్తున్న ఇంజను నీటిని పీల్చుకుంటే ఆ రాడ్ విరిగి ఇంజను గోడనే చీల్చవచ్చు.

పరీక్షించే క్రమం

ముందుగా బ్యాటరీ, స్టార్టరు బాగున్నవో లేవో చూడాలి. వాటి లోపం కూడా ‘టక్’ శబ్దానికి కారణం కావచ్చు. తరువాత ఎయిర్ ఫిల్టర్ తడిసిందా అని, డిప్‌స్టిక్‌పై నూనె పాలు కలిసిన కాఫీ రంగులో ఉందా అని గమనించాలి. ఈ గుర్తులు నీరు చేరినట్టు తెలుపుతాయి. ఆపై పనిని మెకానిక్‌కు అప్పగించడం మేలు.

మెకానిక్ బ్యాటరీ తీగను విడదీసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, స్పార్కు ప్లగ్గులు తీసి, క్రాంక్ షాఫ్టును పానాతో మెల్లగా తిప్పుతాడు. ప్లగ్గు రంధ్రాలనుండి నీరు వెలువడి షాఫ్టు తిరిగితే అడ్డుపడినది నీరే. తిరగకుంటే బెల్టు తీసి మళ్లీ తిప్పాలి. అప్పుడు తిరిగితే దోషం ఇంజనులో కాదు. ఏసీ కంప్రెసరు, ఆల్టర్నేటరు వంటి భాగాలలో ఏదో బిగుసుకున్నది. అప్పటికీ కదలకుంటేనే ఇంజను పట్టేసినదని అనుమానించాలి.

నీటితో సంబంధం లేకుండానూ ఇంజను పట్టేయవచ్చు. నూనె తగ్గితే బేరింగులు రాపిడికి కాగి అతుక్కుంటాయి. కూలెంట్ ఇంకిపోతే పిస్టను వేడికి వ్యాకోచించి సిలిండరులో బిగుస్తుంది. నూనె దీపం వెలిగినా, వేడిముల్లు పైకి లేచినా వెంటనే బండి ఆపాలి.

బీమా విషయం

మునిగిన బండిని స్టార్ట్ చేసినందువల్ల కలిగిన నష్టాన్ని బీమా సంస్థలు తరచుగా పర్యవసాన నష్టంగా పరిగణిస్తాయి. ఇంజను రక్షణకు అదనపు కవరు లేనిదే సాధారణ పాలసీలో దానికి పరిహారం దొరకడం కష్టం. కనుక నీరు ఎంత ఎత్తున నిలిచినదో తెలిసేలా ఫొటోలు తీసి, ఇంజను విప్పకముందే సంస్థకు తెలియజేయాలి. టోయింగ్ బండి రాలేని సందు అయితే, గేరును న్యూట్రల్‌లో ఉంచి కారును పెద్ద వీధి వరకు తోయించాలి. ఒక్కరోజు ఓపిక పట్టినవారికి నీరు తీయించి నూనె మార్పించే ఖర్చుతోనే పని ముగియవచ్చు. తొందరపడితే ఇంజనునే మార్చవలసి రావచ్చు.