భద్రత – ఉమ్మడి బాధ్యత

దేశభద్రత అనగానే సరిహద్దులు, సైన్యం స్ఫురిస్తాయి. దేశం లోపల ప్రజలు నిర్భయంగా జీవించడం కూడా భద్రతే. అది ఏ ఒక్క శాఖ వల్లనో సాధ్యం కాదని నల్లమల అనుభవం తెలియజేస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో విస్తరించి ఉండేది. ఈ అడవి నక్సలైట్లకు స్థావరమయింది. అధికారుల పరిధికి ఎల్లలున్నాయి గాని అడవికి లేవు. అందుకే 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళం జిల్లాల ఎల్లలతో నిమిత్తం లేకుండా పనిచేసింది. 2004 అక్టోబరులో జరిగిన శాంతి చర్చలు ఫలించలేదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, మరికొందరు హత్యకు గురయ్యారు. రెండు రోజులకు ప్రభుత్వం మావోయిస్టు పార్టీని నిషేధించింది.

నిషేధం, గాలింపు మాత్రమే చాలవు. చెంచు పెంటకు ఒక బాట కావాలనుకుందాం. గస్తీకి అది పోలీసులకు అవసరం. రోగులకు, విద్యార్థులకు అవసరమని గిరిజన సంక్షేమ శాఖ భావిస్తుంది. వన్యప్రాణులకు హాని కలుగరాదని అటవీశాఖ సంశయిస్తుంది. మూడూ న్యాయమైన మాటలే. అయితే ఎవరి ప్రణాళిక వారిది, ఎవరి పద్దు వారిది అయినప్పుడు నిధులు ఉండీ బాట పడదు.

ఈ లోపాన్ని సవరించడానికి 2010లో కేంద్ర ప్రభుత్వం సమీకృత కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించింది. తొలుత ఎంపికైన 60 జిల్లాలలో ఆదిలాబాద్, ఖమ్మం ఉన్నాయి. జిల్లాకు 2010–11లో 25 కోట్లు, మరుసటి ఏడు 30 కోట్ల రూపాయలు కేటాయించారు. కలెక్టర్ అధ్యక్షతన పోలీసు సూపరింటెండెంట్, జిల్లా అటవీ అధికారి కలసి కూర్చుని పనులను నిర్ణయించే ఏర్పాటు ఇందులోని విశేషం. ఒకే నిధి, ఒకే నిర్ణయం, ముగ్గురి బాధ్యత.

ఆ సమితిలో గ్రామస్థునికి స్థానం లేకపోవడం ఒక కొరత. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం బడికో బాటకో హెక్టారు లోపు అటవీభూమి ఇవ్వాలంటే గ్రామసభ సిఫారసు తప్పనిసరి. శాఖల సమన్వయానికి ప్రజల సమ్మతి తోడయినప్పుడే భద్రత స్థిరపడుతుంది.

అర్థాలు:
ఎల్ల = సరిహద్దు
పెంట = చెంచుల నివాసం
పద్దు = ఖర్చు లెక్క

ప్రశ్నలు:
1. నిధులు ఉన్నప్పటికీ బాట పడకపోవడానికి కారణమేమి?
2. సమీకృత కార్యాచరణ ప్రణాళికలోని విశేషాన్ని, కొరతను వివరించండి.