కంప్యూటరు శిక్షణలో దృశ్యశ్రవణ పాఠములు: సంత పద్ధతి దృష్ట్యా పరిశీలనము

విశ్వవిద్యాలయములలో కంప్యూటరు నైపుణ్యమును బోధించుటకు వీడియో పాఠములను వాడుట నేడు సర్వసాధారణమైనది. అయితే పాఠమును చూచుట వేరు, పాఠముతో అభ్యసించుట వేరు. ఈ భేదమును పాటింపనిచో ఎంత చక్కని వీడియో అయినను నిష్ఫలమగును. ప్రాచ్య కళాశాలల వారికి ఈ విషయము కొత్తది కాదు. వేదపాఠశాలలో గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమారులు చెప్పు సంత పద్ధతి ఈ సూత్రము మీదనే నడచుచున్నది.

మాధ్యమముల ద్వారా ఉన్నత విద్యను అందించుట మన ప్రాంతమున చిరకాలముగా ఉన్నదే. 1982లో హైదరాబాదున స్థాపితమై, పిదప డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు దాల్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ముద్రిత పాఠములకు తోడుగా ఆకాశవాణి, దూరదర్శనులను వాడుకొనినది. యు.జి.సి. వారి 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' 1984 ఆగస్టు 15న దూరదర్శనులో ఆరంభమైనది. చరిత్రను గాని, ఖగోళమును గాని పరిచయము చేయుటకు అట్టి ప్రసారములు చాలును. కంప్యూటరు విద్య అట్లు కాదు, అది చేతి విద్య. విద్యార్థి ఒక మీటను వెదకుచుండగనే ప్రసారము నాలుగు మెట్లు ముందుకు పోవును. ఆపుటకు వీలులేని గురువు వద్ద సంత సాగదు.

ఈ లోపమును చక్కగా తీర్చినది ఐఐటి బొంబాయిలో ఆచార్య కణ్ణన్ మౌద్గల్య నేతృత్వమున రూపొందిన 'స్పోకెన్ ట్యుటోరియల్' పద్ధతి. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములు. కంప్యూటరు తెరపై జరుగు పని యథాతథముగా కనబడును, దానితోపాటు వివరణము వినబడును. విద్యార్థి కొంత చూచి, వీడియోను ఆపి, ప్రక్కనే తన తెరపై ఆ పనిని చేసి, మరల ముందుకు సాగవలయును. తెర ఆంగ్లములోనే ఉండును, మాట మాత్రము తెలుగు మొదలైన భాషలలోనికి మార్చబడును. ఇది దూరదృష్టి గల నిర్ణయము. రేపు ఉద్యోగమున ఆ విద్యార్థికి ఎదురగునది ఆంగ్లపు తెరయే కదా!

మహాభాష్యము పస్పశాహ్నికములో పతంజలి విద్య నాలుగు కాలములలో ఉపయుక్తమగునని నిరూపించినాడు. అవి ఆగమకాలము, స్వాధ్యాయకాలము, ప్రవచనకాలము, వ్యవహారకాలము. వీడియో ఆగమమును ఇచ్చును. ఆపి చేయుట వలన స్వాధ్యాయము సిద్ధించును. తక్కిన రెండింటిని కళాశాలయే కల్పింపవలయును. నేర్చినవాడు ప్రక్కవానికి చూపుట ప్రవచనము. తన వ్యాసమును తానే టైపు చేసికొనుట వ్యవహారము. పెద్ద గదిలో తెర కట్టి నూరుమందికి ఒకేసారి వీడియో చూపి శిక్షణ ముగిసినదని ధ్రువపత్రములు పంచుట ఆగమమును కూడ పూర్తిగా ఇయ్యదు. అంతేకాదు, వీడియో దోషమును దిద్దజాలదు. స్వరము తప్పిన శిష్యుని అక్కడికక్కడే ఆపు గురువు వంటివాడొకడు ఆ గదిలో తిరుగుచుండవలయును.

మనకు దీని అవసరము ప్రత్యేకమైనది. మన సిద్ధాంత గ్రంథములు అనేకము సంస్కృతము తెలియని టైపు దుకాణములలో తయారగుచున్నవి. 'థ', 'ధ'లు తారుమారగును, 'శ', 'ష'లు కలిసిపోవును. పాత ఖతులలో కూర్చిన పుటలు ఇంకొక యంత్రమున అక్షరములుగా తెరచుకొనవు. యూనికోడులో స్వయముగా టైపు చేయుటయే దీనికి ఉపాయము. 1991 నాటి భారతీయ ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డును చూచినచో శిక్షా గ్రంథములు చదివినవారికి ముచ్చట కలుగును. (కీబోర్డుకు కొత్త తెలుగు పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు. లోకము ఒప్పుకొనిన మాటయే చాలును.) అందు అచ్చులు ఎడమ చేతి వైపున, హల్లులు అధికముగా కుడి చేతి వైపున ఉన్నవి. 'క' మీటనే షిఫ్టుతో నొక్కినచో 'ఖ', అట్లే 'గ'తో 'ఘ', 'త'తో 'థ', 'ద'తో 'ధ'. అల్పప్రాణ మహాప్రాణములు ఒకే మీటపై నిలచినవి. 'క్ష' కావలెనన్నచో 'క', పొల్లు, 'ష' అని వరుసగా నొక్కవలయును. హల్లు మీది అకారమును తొలగించి మరియొక హల్లును చేర్చుట వ్యాకరణ విద్యార్థికి వేరుగ చెప్పవలసిన పని కాదు. ఈ మాటను పాఠములో మొదటనే చెప్పినచో మన విద్యార్థికి యంత్రభయము సగము తీరును.

మధిర కాజీపేట–విజయవాడ రైలు మార్గములోని పట్టణము. ఇచ్చటి నుండి భద్రాచలము దిక్కునకు, అడవి అంచు గ్రామములకు, పోయినచో అంతర్జాలము నిలకడగా అందునని నమ్మి తరగతి నడుపరాదు. పాఠములను ముందుగనే దింపుకొని పెన్‌డ్రైవులో ఉంచుకొనవలయును. యంత్రమునకు ఇద్దరికి మించి కూర్చుండబెట్టరాదు. ఒకడు చేయుచుండగా రెండవవాడు వీడియోను ఆపుచుండవలయును, పిదప స్థానములు మారవలయును.

సాధారణ పాఠములు సిద్ధముగా ఉన్నవి కనుక మన కళాశాలలు మన విషయమునకే పాఠములు తయారు చేయుట మేలు. మొదటిది సంయుక్తాక్షరములపై ఉండవలయును. రెండవది తెలుగు అవగ్రహముపై. ఆ చిహ్నము 2008లో యూనికోడు 5.1లో చేరినది. వేద స్వరచిహ్నముల విస్తృత పట్టిక 2009లో 5.2లో వచ్చినది. స్వరములతో కూడిన మంత్రమును టైపు చేయు పాఠము పది నిమిషములలో ముగియదు. దానిని రెండుగా విభజించి, మొదటి భాగమున ఉదాత్తానుదాత్తములు మాత్రమే చూపవలయును.