నలుపెక్కిన నాణెములు

17వ శతాబ్దమున ఇటలీ దేశములోని మొడేనా నగరమందు బెర్నార్డినో రమజ్జీని యను వైద్యుడు నివసించుచుండెను. ఒకనాడు ఆయన యింటి మరుగుదొడ్డి గుంటను శుభ్రము చేయుటకు కూలివారు వచ్చిరి. అందొకడు ఊపిరి తిరుగనంత వేగముగా పని చేయుచుండెను. వైద్యుడు జాలిపడి, "అంత తొందర యేల? మెల్లగా చేయరాదా?" అని యడిగెను. ఆ గుంటలో నాలుగు గంటలకు మించి నిలిచినచో గ్రుడ్డివాడైనట్లే యుండునని అతడు బదులు చెప్పెను.

అతడు పైకి వచ్చిన పిమ్మట రమజ్జీని అతని కన్నులను పరీక్షించెను. అవి ఎఱ్ఱబడి, మసకబారి యుండెను. ఆ వృత్తివారిలో పలువురు చూపు పోగొట్టుకొని వీథులలో బిచ్చమెత్తుచున్నారని కూడ ఆయనకు తెలిసెను. వారి జేబులలోని రాగి, వెండి నాణెములు నల్లబడుచుండెను. గుంటను కదలించినపుడు కంటికి కనబడని ఆవిరి యేదో పుట్టుచున్నదని ఆయన యూహించెను. 1700లో కార్మికుల వ్యాధులను గూర్చి గ్రంథము ప్రకటించుచు, వైద్యుడు రోగిని "నీవు చేయు పని యేమి?" అని తప్పక అడుగవలెనని వ్రాసెను. నేడిది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. అంతవరకు దానిని అడిగినవారు అరుదు.

ఆ యావిరి హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు. గాలి సోకని చోట మురుగు కుళ్లునపుడు ఇది పుట్టును. గాలికంటె బరువైనది గనుక గుంట అడుగున నిలుచును. కొంచెముగా నున్నపుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వేయును. పది లక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 100 పాళ్లకు చేరినచో, కొలది నిమిషములకే ముక్కు ఆ వాసనను పట్టజాలదు. లోననున్నవాడు గాలి బాగుపడినదని తలచును. అపాయము అప్పుడే హెచ్చు. 1000 పాళ్ల దాపున ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోవును. పాతబావులలోనికి లాంతరు దింపి చూచుట పల్లెలలో వాడుక. ప్రాణవాయువు మిక్కిలి తగ్గినచో దీపము ఆరును గాని, ఈ విషము జాడ దానివలన తెలియదు. పైగా ఇది మండెడి వాయువు.

రక్షణ సాధనములు లేక మనుషులను మురుగుకాలువలలో దించుటను మన దేశమున 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను చావులు ఆగలేదు. ఒకడు పడిపోవును, అతనిని తీయబోయి తోడివాడు దిగి, తానును పడిపోవును. ముక్కునకు కట్టిన తువ్వాలు వాయువును ఆపజాలదు. తెలిసినవారు మూత తీసి, కొలత పరికరమును త్రాటితో అడుగువరకు దింపి చూతురు. దిగక తప్పనిచో, బయటి గాలి నందించు ముసుగు తొడిగి, నడుమునకు త్రాడు కట్టి దింపుదురు. పైనున్నవాడు ఆ త్రాటి కొన విడువక, లోనివాడు పలుకని మరుక్షణమే, తాను దిగకయే, పైకి లాగును.