సంఘం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?



పోయిన ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఫాదర్‌గారూ, మన విచారణలో కూడా ఒక సంఘం పెట్టండి. పిల్లల ఫీజులకూ పొలం పెట్టుబడికీ వడ్డీ వ్యాపారి గడప తొక్కలేకపోతున్నాం" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇరవై ఏళ్ళ క్రితం మరో విచారణలో నేను ఒక పొదుపు సంఘం పెట్టాను. లెక్కల పుస్తకాలు నా బల్ల సొరుగులో, డబ్బు పెట్టె తాళంచెవి నా జేబులో ఉండేవి. ఎవరికి అప్పు ఇవ్వాలో నేనే చెప్పేవాణ్ణి. ఐదేళ్ళు బాగానే నడిచింది. తరువాత నాకు బదిలీ అయింది. ఏడాది తిరగకముందే సంఘం మూతపడింది. దొంగతనం ఏమీ జరగలేదు. అది "ఫాదర్‌గారి సంఘం". ఫాదర్ వెళ్ళిపోయాక బాకీ తీర్చాలని ఎవరికీ అనిపించలేదు. రూపాయి రూపాయి దాచుకున్న పేద తల్లులు నష్టపోయారు. ఆ తప్పు నాది.

అందుకే ఈ వారం సహకార సంఘాల గురించి కలిసి ఆలోచిద్దాం.

సహకారం అంటే ఏమిటి?

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది, ఎక్కువమంది చేతిపనివారే, కొద్దికొద్దిగా డబ్బు కూడబెట్టి ఒక చిన్న అంగడి తెరిచారు. పిండి, వెన్న, చక్కెర వంటివి కల్తీ లేకుండా సరైన తూకంతో అమ్మారు. ఎంత వాటా ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు అని నియమం పెట్టుకున్నారు. నేటి సహకార సూత్రాలకు పునాది అదే.

మామూలు కంపెనీలో డబ్బు పెట్టినవాడు యజమాని, పనిచేసేవాడు కూలివాడు. సహకార సంఘంలో మనుషులే యజమానులు, డబ్బు వారికి పనిముట్టు. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు మొదట నేర్పేది సాధనాన్ని గమ్యంగా పొరబడవద్దని. డబ్బు సాధనం, మనిషి గమ్యం. 1891లో పోపు 13వ లియో గారు "రేరుమ్ నోవారుమ్" అనే విశ్వలేఖలో శ్రామికులు సంఘాలుగా ఏర్పడే హక్కును గట్టిగా సమర్థించడంలోని భావమూ ఇదే.

ఒక సహాయ గురువు చేసిన పని

స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతంలో మొండ్రాగోన్ అనే చిన్న పట్టణం ఉంది. 1941లో అక్కడికి సహాయ గురువుగా హోసే మరియా అరిస్మెండియారియెటా వచ్చారు. అప్పటికి అంతర్యుద్ధం ముగిసి రెండేళ్ళే అయింది. ఎటుచూసినా పేదరికం, నిరుద్యోగం, ఒకరిపై ఒకరికి అనుమానం. చిన్నతనంలోనే ఒక కన్ను పోగొట్టుకున్న ఈ గురువు గొప్ప వక్త కూడా కాదు.

ఆయన ముందుగా డబ్బు పోగుచేయలేదు, ఫ్యాక్టరీ కట్టలేదు. 1943లో పట్టణ ప్రజల చందాలతో పేద పిల్లల కోసం ఒక సాంకేతిక పాఠశాల తెరిచారు. పిల్లలకు పనితోపాటు న్యాయం, బాధ్యత, కలిసి నిర్ణయించడం నేర్పారు. అలా చదువుకున్నవారిలో ఐదుగురు యువకులు 1956లో తమ ఇంటిపేర్ల అక్షరాలు కలిపి "ఉల్గోర్" అనే సంస్థ స్థాపించి వంట స్టవ్‌లు తయారుచేయసాగారు. అంటే పాఠశాల మొదలైన 13 ఏళ్ళకు గాని మొదటి ఫ్యాక్టరీ రాలేదు. మనమైతే 13 నెలలు కూడా ఆగము!

ఇంకొకటి గమనించండి. 1976లో మరణించేవరకు ఆ గురువు ఆ సంస్థల్లో ఏ పదవీ తీసుకోలేదు. సలహా చెప్పారు, తాళంచెవి మాత్రం వారి దగ్గరే ఉంచారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయన సద్గుణ జీవితాన్ని గుర్తించి ఆయనను పూజనీయునిగా ప్రకటించారు.

ఒంటరి సంఘం నిలవదు

కొత్త సంఘాలకు పెట్టుబడి దొరకలేదు. అప్పుడు 1959లో ప్రజల పొదుపుతో "కాహా లబొరాల్" అనే సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సభ్యులు యజమానులే కాబట్టి కార్మికులకిచ్చే బీమా వారికి వర్తించదని ప్రభుత్వం చెప్పింది. దాంతో వైద్యానికీ పింఛనుకూ సొంత వ్యవస్థ ఏర్పరచుకున్నారు. కొత్త యంత్రాల పరిశోధన ఏ ఒక్క సంఘానికీ సాధ్యం కాదు గనుక 1974లో "ఇకెర్లాన్" అనే ఉమ్మడి పరిశోధనా కేంద్రం స్థాపించారు. 1997లో విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. నేడు ఆ కూటమిలో దాదాపు 80 సహకార సంస్థలు, సుమారు 70,000 మంది పనివారు ఉన్నారు.

కొత్తదనం అంటే ఎవరో మేధావికి రాత్రికి రాత్రి తట్టే ఆలోచన అనుకుంటాం. మొండ్రాగోన్‌లో ప్రతి కొత్త ఏర్పాటూ ఒక ఇబ్బంది నుంచే పుట్టింది. ఒక్కరి వల్ల కాని పని పదిమందీ పంచుకున్నారు. 1995లో ప్రపంచ సహకార సమాఖ్య ఏడు సూత్రాలు ప్రకటించింది. వాటిలో ఐదవది సభ్యులకు విద్య, ఆరవది సంఘాల మధ్య సహకారం.

కూలిన సంస్థ నేర్పే పాఠం

ఇదంతా విని సహకారమంటే నష్టమే ఉండదని భ్రమపడవద్దు. ఆ ఐదుగురు స్థాపించిన సంస్థే పెరిగి "ఫాగోర్" పేరుతో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చేసింది. విదేశాల్లోనూ కంపెనీలు కొని పెద్ద అప్పులు చేసింది. 2008 తరువాత స్పెయిన్‌లో ఇళ్ళ నిర్మాణం పడిపోగానే అమ్మకాలూ పడిపోయాయి. తోటి సంఘాలు కొంతకాలం డబ్బు ఇచ్చి ఆదుకున్నాయి. చివరకు, ఇంకా ఇస్తే మనమూ మునుగుతామని నిర్ణయించుకున్నాయి. 2013లో ఆ సంస్థ దివాళా తీసింది. అందులో పొదుపు ఉంచిన సభ్యులు నష్టపోయారు. అయితే పనివారిని మాత్రం తోటి సంఘాలు వదిలేయలేదు. సభ్యులలో ఎక్కువమందికి వేరే సంఘాల్లో పని చూపాయి, లేదా ముందస్తు పదవీ విరమణ ఏర్పాటు చేశాయి. ఫ్యాక్టరీ కూలినా కుటుంబాలు వీధిన పడకుండా చూశాయి.

2022లో రెండు పెద్ద సంస్థలు ఓటు వేసుకుని ఆ కూటమి నుంచి బయటికి వెళ్ళాయి. కలిసి ఉండటం ఒకసారి సంతకం చేస్తే అయిపోయే పని కాదు. దాన్ని ప్రతి తరమూ మళ్ళీ ఎంచుకోవాలి.

మన గడ్డ మీద

ఇది విదేశాల సంగతి అనుకోకండి. ఉల్గోర్ పుట్టిన ఆ 1956లోనే, నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారి నాయకత్వంలో రైతులు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇవ్వడంతో ఆగకుండా ఎరువులు, విత్తనాలు, పంట అమ్మకం అన్నీ ఒకేచోట చూసుకున్నారు. 2000లో అక్కడి మహిళలే సొంతంగా పాల డైరీ ప్రారంభించి "స్వకృషి" పేరుతో పాలు అమ్మసాగారు. దీనికి వెన్నుదన్ను 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నియమాలు రాసుకుని నడుపుకునే వీలు మన దేశంలో మొదట ఇచ్చింది ఈ చట్టమే.

నేటి సవాళ్ళు ఇంకా పెద్దవి. వానలు సమయానికి రావు, ఎండలు పెరుగుతున్నాయి, చదివిన పిల్లలకు పనులు లేవు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ దగ్గరి సముద్రంలో 20 గాలిమరలున్న ఒక విద్యుత్ కేంద్రం ఉంది. దానిలో సగం వేలాది సాధారణ పౌరుల సహకార సంఘానిది. ఇలాంటి ఇంధన సహకార సంఘాలను పోపు ఫ్రాన్సిస్ గారు 2015 నాటి "లౌదాతో సీ" విశ్వలేఖలో మంచి ఉదాహరణగా చెప్పారు. వేలమంది తలా కొంచెం వేస్తే గాలిని కూడా పనిలో పెట్టవచ్చన్నమాట.

ఇంట్లో కూర్చుని ఆలోచించండి

ఈ వారం రాత్రి ప్రార్థన తరువాత ఈ మూడు ప్రశ్నలు కుటుంబమంతా మాట్లాడుకోండి.

1. మన వీధిలో ఏ ఇబ్బంది ఒక్క ఇంటి వల్ల తీరదు, పది ఇళ్ళు కలిస్తే తీరుతుంది?

2. లెక్కలు రాయడం, చదివి వినిపించడం మన ఇంట్లో ఎవరికి వచ్చు? రాకపోతే ఎవరు నేర్చుకుంటారు?

3. అప్పు తీసుకున్నవారు మన బంధువులే అయినా, "కట్టండి" అని అడిగే ధైర్యం మనకు ఉందా?

మూడవ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వచ్చేదాకా పెట్టె కొనవద్దు. ఆరు నెలలు చదువుకుందాం, తరువాతే మొదటి రూపాయి.

గుడి మెట్ల దగ్గర నన్ను ఆపిన ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, "సంఘం పెట్టండి ఫాదర్" అని అడగవద్దు. "సంఘం పెట్టుకుంటున్నాం, వచ్చి కూర్చోండి ఫాదర్" అని పిలవండి, తప్పక వస్తాను. తాళంచెవి మాత్రం మీ కొంగుకే కట్టుకోండి.