కనుమ దారిలో సైకిల్

పిల్లలూ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సైకిల్ తొక్కని వాళ్ళు మీలో ఎవరూ ఉండరు. వెడల్పైన రోడ్లు, రెండు పక్కలా పెద్ద చెట్లు, వాటి వెనక రైల్వే క్వార్టర్లు. ఎటు చూసినా చదును నేలే. మీకు తెలిసిన అతి పెద్ద ఎక్కుడు పూరీ గేటు ఫ్లైఓవర్. పక్క స్టేషన్ పేరు గిరి మైదాన్. పేరులో గిరి ఉంది గానీ, చుట్టుపక్కల కొండ మాత్రం మాకెక్కడా కనబడలేదు. ఖరగ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తులోనే ఉంది మరి.

అయితే రేపు మీ ఇంట్లో బదిలీ ఉత్తర్వు వస్తుంది. అది కోరాపుట్‌కి కావచ్చు, షిల్లాంగ్‌కి కావచ్చు, లేహ్‌కి కావచ్చు. బీరువా, మంచాలతో పాటు మీ సైకిల్ కూడా లారీ ఎక్కుతుంది. ఇక్కడ ఆటవస్తువులా ఉన్న ఆ సైకిల్ కొండ ఊళ్ళో దిగాక వేరే వస్తువు అయిపోతుంది. అందుకే ఈసారి తెలుగు పాఠంలో కొంచెం భూగోళం, కొంచెం లెక్కలు కలుపుతున్నాం.

ముందు మాట సంగతి చూద్దాం. మీ పుస్తకంలో ‘తూర్పు కనుమలు’ అని చదివారు. కనుమ అంటే ఏమిటని తరగతిలో అడిగితే ఎక్కువ మంది ‘కొండ’ అంటారు. అసలు అర్థం అది కాదు. రెండు కొండల నడుమ దాటిపోవడానికి దారి ఇచ్చే సందు కనుమ. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే రోడ్డు నల్లమలను దాటే చోటును నంది కనుమ అంటారు. దారి పేరు కాలక్రమాన కొండల వరుసకే పేరైపోయింది. ‘ఘాట్’ అన్న మాటకూ ఇలాగే జరిగింది. ఇక్కడి మీ బెంగాలీ స్నేహితులకు ఘాట్ అంటే చెరువులోకి దిగే మెట్లు. మన ఊళ్ళలో ఘాట్ రోడ్డు అంటే కొండెక్కే దారి. రెండింటిలోనూ దిగడం, ఎక్కడం ఉన్నాయి కదా! నల్లమలలోనే దిగువమెట్ట అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. దిగువ, మెట్ట అనే రెండు మాటల్లో ఆ చోటు ఎలాంటిదో చెప్పేశారు. ఎగువ, దిగువ, మిట్ట, పల్లం, వాలు, మలుపు, లోయ: ఈ మాటలు మీ నోట వినబడక చాలా రోజులైంది. ‘స్లోప్’ ఒక్కటే మిగిలింది. ఊళ్ళు మారే వాళ్ళ ఇళ్ళలో ముందు జారిపోయేవి ఇలాంటి చిన్న మాటలే.

ఇప్పుడు ఒక దారి తీసుకుందాం. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో చాలామంది తాతముత్తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు. అంటే తూర్పు కనుమల పాదాల దగ్గరి ఊళ్ళ వాళ్ళు. ఆ కొండల్లోకి ఎక్కే దారుల్లో ప్రసిద్ధమైనది విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రోడ్డు. శృంగవరపుకోట, టైడా, అనంతగిరి, గాలికొండ మీదుగా పోతుంది. మొత్తం సుమారు 115 కిలోమీటర్లు. అరకు ఎత్తు సుమారు 910 మీటర్లు.

వాలు లెక్క తేలిక. ఎక్కిన ఎత్తును నడిచిన దూరంతో భాగించి నూరుతో గుణించాలి. 910 మీటర్లను 1,15,000 మీటర్లతో భాగిస్తే 0.8 శాతం కూడా రాదు. ‘ఇంతేనా, ఇది మన ఫ్లైఓవర్ కంటే సులువు!’ అనిపిస్తుంది. ఇక్కడే సగటు మనల్ని మోసం చేస్తుంది. శృంగవరపుకోట దాకా దారి చాలావరకు చదునే. ఎక్కుడంతా ఆ తరువాతి భాగంలో కుప్పపడి ఉంటుంది. పైగా రోడ్డు గాలికొండ దగ్గర అరకు కంటే ఎత్తుకు ఎక్కి, మళ్ళీ లోయలోకి దిగుతుంది. అంటే తొక్కేవాడు 910 మీటర్ల కంటే ఎక్కువే ఎక్కాలి. లెక్క కోసం 25 కిలోమీటర్లలో 1,000 మీటర్లు ఎక్కామనుకోండి. వాలు 4 శాతం అవుతుంది. అందుకే ఏ కొండ దారికైనా సగటు అడగకండి. ఎక్కుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడగండి.

మీరు రైల్వే పిల్లలు కాబట్టి ఇంకో పోలిక. ఆ కొండల్లోనే కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేశారు. 2003 దాకా వాల్తేరు డివిజన్ కూడా మన ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. మీ తాతగార్లలో ఆ లైనులో పనిచేసిన వాళ్ళుంటే అడిగి చూడండి. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషన్ ఎత్తు సుమారు 996 మీటర్లు. కాశ్మీర్‌లో బ్రాడ్ గేజ్ పడే దాకా దేశంలో ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషన్ అదే. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోతుంది కనుక రైలు నిటారు వాలు ఎక్కలేదు. ఆ లైనులో 60 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు, అంటే 1.7 శాతం లోపు. రోడ్డులా చటుక్కున వెనక్కి తిరగనూ లేదు. అందుకే కొండను తొలుచుకుంటూ సొరంగాలు. రోడ్డుకు ఆ ఇబ్బంది లేదు గనుక పాములా మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఫ్రాన్సులో ఆల్ప్ ద్యూయెజ్ అనే కొండ దారి ఉంది; 1952 నుంచి టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చాలాసార్లు అక్కడికి వెళ్ళింది. సుమారు 14 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటు వాలు 8 శాతం. మన లెక్కలోని 4 శాతానికి రెట్టింపు!

మీ సైకిల్ ముందు చక్రంలో 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ 5 మీటర్లకు పైగా పోతుంది. 4 శాతం వాలులో ఆ ఒక్క చుట్టుకు మిమ్మల్ని మీరు 20 సెంటీమీటర్లు పైకి ఎత్తుకుంటున్నారన్న మాట. గేర్ల సైకిల్‌లో ముందు 28, వెనక 28 పళ్ళకు మారిస్తే ఒక్క చుట్టుకు 8 సెంటీమీటర్లే. శ్రమ తగ్గలేదు, చిన్న చిన్న వాయిదాలుగా మారింది. గేరు లేని సైకిల్‌తో కొండ ముందు దిగి నడవడం నామోషీ కాదు. మా అభిప్రాయంలో అది తెలివి.

ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. ఇది మాత్రం ఆటగా తీసుకోకండి. మీరూ సైకిలూ కలిసి 60 కిలోలు అనుకోండి. 900 మీటర్ల ఎత్తులో మీలో దాగిన శక్తి 60 × 9.8 × 900, అంటే దాదాపు 5,29,000 జౌళ్ళు. దిగేటప్పుడు అదంతా ఎటో ఒకవైపు పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది. మిగతాది బ్రేకుల దగ్గర వేడవుతుంది. ఆ మొత్తం శక్తితో 30 డిగ్రీల నీళ్ళు 1.8 లీటర్లు మరిగించవచ్చు. బ్రేకు కట్టలూ రిమ్మూ ఎంత వేడెక్కుతాయో మీరే ఊహించండి. అందుకని దిగువకు వచ్చేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకోకూడదు. మలుపుకు ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, తరువాత వదిలి చల్లారనివ్వాలి. రెండు బ్రేకులూ వాడాలి. మధ్యలో ఆగి రిమ్ము దగ్గరికి చెయ్యి తెచ్చి వేడి చూడాలి, ముట్టుకోకూడదు. అరిగిన కట్టలతో ఫ్లైఓవర్ దిగినా ఏమీ కాకపోవచ్చు. కనుమ దారిలో అవే ప్రాణం మీదికి తెస్తాయి.

మలుపులో లోపలి అంచు నిటారుగా, బయటి అంచు వాలుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు సులువుగా ఉందని కుడివైపు బయటి అంచుకు పోవాలనిపిస్తుంది. పోకండి. పైనుంచి వచ్చే బస్సు మీకు కనబడదు, మీరు దానికి కనబడరు. ఎడమ పక్కనే ఉండండి, కాళ్ళు నొప్పి పుడితే దిగండి.

కనుమ ఎత్తు రాసిన బోర్డును కూడా కాస్త అనుమానంగా చదవండి. లేహ్ దగ్గరి ఖార్‌దుంగ్ లా మీద చాలా ఏళ్ళు 18,380 అడుగులు అని రాసి ఉండేది. ఉపగ్రహ పరికరాలతో కొలిస్తే 5,359 మీటర్లు వచ్చింది. అడుగుల్లోకి మార్చి తేడా ఎంతో తేల్చండి. ‘లా’ అంటే ఆ ప్రాంతపు భాషలో కనుమే. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు, అక్కడి నుంచి కనుమ దాకా దారి 40 కిలోమీటర్లు అనుకుని సగటు వాలు కూడా కట్టండి. దాంతోపాటు మీ అమ్మమ్మగారినో తాతగారినో ఫోనులో అడిగి, మీ ఊరి దగ్గరి కొండ దారిలో ఎక్కుడుకు, దిగుడుకు, మలుపుకు వాళ్ళు వాడే మాటలు రాసుకుని సోమవారం తరగతికి తీసుకురండి. పుస్తకంలో లేని మాటైతే మరీ మంచిది, దాన్ని నల్లబల్ల మీద ముందు రాద్దాం.