నకలు – నకిలీ: ఒక పదవిచారము

ఒకే ధాతువు నుండి పుట్టిన రెండు మాటలలో ఒకటి గౌరవానికీ మరొకటి అపకీర్తికీ పాత్రమగుట భాషలో క్రొత్త కాదు. అరబీలోని ‘నక్ల్’ అను పదానికి ఒకచోటి నుండి మరొక చోటికి చేర్చుట, విన్నదానిని విన్నట్లు అందించుట అని అర్థము. ఖురాను, హదీసులకు సంబంధించిన విద్యలను పండితులు ‘ఉలూమె నక్లియా’ అన్నారు. పరంపరగా అందిన విద్యలని దాని భావము. ఆ మాటయే దఫ్తరుల ద్వారా తెలుగులో ‘నకలు’ అయినది. పహాణీ నకలు, తీర్పు నకలు అని కచేరీలలో అడుగుతున్నాము. ముద్ర, సంతకము గల నకలు న్యాయస్థానములో చెల్లుతుంది. దాని విశేషణరూపమైన ‘నక్లీ’ మాత్రము ‘నకిలీ’గా మారి మోసానికి పేరైనది. పరీక్షలో చూచి వ్రాయుటను కూడ ఉర్దూలో ‘నకల్’ అనే అంటారు. అక్కడ ప్రతి అక్షరమూ సరిగానే ఉండవచ్చు. పరునిది తనదని ఇచ్చుటలోనే దోషమున్నది. (ఈ ఉదాహరణ మన విద్యార్థులకు వివరించనక్కరలేదు.)

ఇంగ్లీషులోని ‘కౌంటర్‌ఫీట్’ కూడ ఇట్టిదే. పూర్వము మనిషి చిత్తరువును సైతము ఏ నిందా లేకుండ ఆ మాటతో పిలిచేవారు. మన అర్థశాస్త్రము దొంగనాణెమును ‘కూటరూప’మన్నది, కూటసాక్షిలోని ‘కూట’మే అది. అందులో కపటమే ప్రధానము.

1860 నాటి భారత శిక్షాస్మృతి 28వ సెక్షను ఈ రెండు భావాలనూ చక్కగా ముడివేసినది. ఒక వస్తువును మరొకదానిని పోలునట్లు చేయుట, ఆ పోలికతో మోసగించు ఉద్దేశము గాని, మోసము జరుగగలదను ఎరుక గాని ఉండుట – రెండూ కలిసిననే అది నకిలీ. పోలిక అచ్చముగా ఉండనక్కరలేదని వివరణ కూడ చేర్చినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఈ నిర్వచనము నిలిచియున్నది. మా దృష్టిలో ఇంతకంటె మేలైన నిర్వచనము లేదు.

దీనిని విడిచినప్పుడేమగునో ఔషధాల విషయములో ప్రపంచము చూచినది. పేటెంటు గడువు తీరిన మందును, లేదా పేటెంటు లేని దేశములో అదే మందును, మరొక సంస్థ తన స్వంత పేరుతో తయారుచేసిన అది జనరిక్ మందు. అది నకలే కాని నకిలీ కాదు. ఎవరి పేరునూ దొంగిలించుట లేదు. అయినను 2008 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ బ్రెజిలుకు పంపిన లోసార్టాన్ అను రక్తపోటు మందును దారిలో డచ్చి కస్టమ్సు అధికారులు ఆపినారు. భారతదేశములోగాని బ్రెజిలులోగాని దానిపై పేటెంటు లేదు. పేటెంటు ఉన్నది సరకు మధ్యలో ఆగిన నెదర్లాండ్సులో! 2010లో భారత, బ్రెజిల్ దేశాలు ఈ విషయాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుంచినవి. కెన్యాలో 2008 నాటి నకిలీ నిరోధక చట్టములోని నిర్వచనము జనరిక్ మందులను కూడ చుట్టుకొనునంత వెడల్పుగా ఉండినది. హెచ్.ఐ.వి.తో జీవించుచున్న ముగ్గురు న్యాయస్థానానికెక్కగా, 2012 ఏప్రిలులో నైరోబీ హైకోర్టు ఆ నిర్వచనము జీవించు హక్కుకు, ఆరోగ్య హక్కుకు భంగకరమని తీర్పిచ్చినది. ఒక పదానికి అర్థము చెప్పుట ఇచ్చట ప్రాణాలతో ముడిపడిన పని అయినది.

తుదకు 2017లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ మాటను ప్రక్కనబెట్టి మూడు వర్గాలను ఏర్పరచినది: నాసిరకము మందులు, అనుమతి పొందని మందులు, బుద్ధిపూర్వకముగా తప్పు వివరాలతో అమ్మబడు మందులు. మొదటిది తయారీలోని లోపము, రెండవది అనుమతికి సంబంధించినది, మూడవదే అసలైన మోసము.

మన పత్రికలలో మాత్రము మొలకెత్తని పత్తి విత్తనము, ప్రభుత్వానుమతి లేని విత్తనము, వేరొకరి సంచిలో పోసి అమ్మిన విత్తనము – మూడును ‘నకిలీ విత్తనాలే’. నష్టపోయిన రైతు ఎవరిని నిలదీయవలెనో, పరిహారము కోరవలెనో, కేసు పెట్టవలెనో ఆ ఒక్క మాట చెప్పజాలదు.